అదే షెడ్డు.. దాదాపు అదే కార్మికులు.. మూతపడిన ఫ్యాక్టరీ తలరాత ఎలా మారింది? ‘లీన్’ పద్ధతి అంటే ఏంటి?

ఫ్యాక్టరీలో ఆర్డర్లు ఉన్నాయి. మెషిన్లు తిరుగుతున్నాయి. మనుషులు చెమటోడుస్తున్నారు. అయినా సరుకు మాత్రం టైమ్‌కి బయటకు వెళ్లదు. ఇలాంటప్పుడు ఓనర్లకు ముందుగా తట్టేవి రెండే ఆలోచనలు. ఒకటి కొత్త మెషిన్ కొనడం. రెండోది ఉన్నవాళ్లని ఇంకాస్త తొందర పెట్టడం. ఈ రెండూ కాకుండా మూడో దారి ఉందని ప్రపంచానికి చూపించింది ఓ కార్ల కంపెనీ. ఆ దారి పేరే ‘లీన్ మాన్యుఫాక్చరింగ్’.

ఈ పేరు వినగానే ఖర్చుల కోత, ఉద్యోగాల కోత అని చాలామంది అనుకుంటారు. నిజానికి లీన్ కోసేది మనుషుల్ని కాదు.. పనికీ పనికీ మధ్య జరిగే ఎదురుచూపుని. అసలు ఇదెలా పుట్టింది? ఫ్యాక్టరీలో ఎలా పనిచేస్తుంది? చిన్న యూనిట్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ దెబ్బతినే ప్రమాదం ఉంది? వివరంగా చూద్దాం.

ఫ్రీమాంట్‌లో ఏం జరిగింది?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే ఊరుంది. ఇప్పుడక్కడ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. 1963లో జనరల్ మోటార్స్ అక్కడ కార్ల ఫ్యాక్టరీ పెట్టింది. కొన్నేళ్లకి దానికి చెడ్డపేరు వచ్చేసింది. రోజూ దాదాపు ఐదో వంతు మంది పనికి వచ్చేవారు కాదు. ఉన్నట్టుండి సమ్మెలు. యూనియన్ దగ్గర కుప్పలుగా ఫిర్యాదులు. కారులో లోపం కనిపించినా లైన్ ఆపే అధికారం కార్మికుడికి లేదు. లోపంతోనే కారు ముందుకు వెళ్లిపోయేది, చివర్లో ఎవరో ఒకరు విప్పి మళ్లీ బిగించేవారు. చివరికి 1982లో కంపెనీ ఆ ఫ్యాక్టరీకి తాళం వేసింది.

రెండేళ్ల తర్వాత అదే చోట కొత్త పేరుతో తలుపులు తెరుచుకున్నాయి. ఈసారి జనరల్ మోటార్స్, టయోటా కలిసి పెట్టిన ఉమ్మడి కంపెనీ. పేరు న్యూ యునైటెడ్ మోటార్ మాన్యుఫాక్చరింగ్, పొట్టిగా ‘న్యూమీ’. ఫ్యాక్టరీని నడిపే బాధ్యత టయోటాది. ఇక్కడే అసలు ట్విస్ట్. పనిలోకి తీసుకున్నవాళ్లలో అత్యధికులు పాత ఫ్యాక్టరీ కార్మికులే. యూనియన్ కూడా పాతదే.

టయోటా వాళ్లలో వందల మందిని జపాన్ తీసుకెళ్లి తమ తకావోకా ఫ్యాక్టరీలో పని చూపించింది. లోపం కనబడితే లైన్ ఆపొచ్చని చెప్పింది. కంపెనీ ఉనికికే ముప్పు వస్తే తప్ప ఉద్యోగాలు తీయబోమని ఒప్పందంలో రాసిచ్చింది. 1984 డిసెంబర్‌లో షెవర్లే నోవా కారు ఉత్పత్తి మొదలైంది. పనికి రానివాళ్ల శాతం 20 నుంచి 2, 3 శాతానికి పడిపోయింది.

1980ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు మూడు ఫ్యాక్టరీల్ని పోల్చి చూశారు. జనరల్ మోటార్స్‌ ఫ్రామింగ్‌హామ్ ఫ్యాక్టరీలో ఒక కారు అసెంబ్లీకి 31 గంటల శ్రమ పట్టింది. న్యూమీలో 19 గంటలు. జపాన్‌లోని తకావోకాలో 16. ప్రతి 100 కార్లకీ అసెంబ్లీ లోపాలు ఫ్రామింగ్‌హామ్‌లో 130 ఉంటే, న్యూమీలో 45, తకావోకాలోనూ 45. విడిభాగాల నిల్వ ఫ్రామింగ్‌హామ్‌లో రెండు వారాలకు సరిపడా, న్యూమీలో రెండు రోజులకు, తకావోకాలో రెండు గంటలకు.

ఒకప్పుడు పనికిరానివాళ్లని ముద్రపడ్డ మనుషులే జపాన్ స్థాయి నాణ్యత చూపించారు. అంటే జబ్బు మనుషుల్లో లేదు, పని నడిచే తీరులో ఉంది.

‘లీన్’ అనే పేరు ఎలా వచ్చింది?

లీన్ అంటే కొవ్వు లేని, సన్నని అని అర్థం. ఈ మాటను ఉత్పత్తి పద్ధతికి మొదట వాడింది జాన్ క్రాఫ్‌సిక్. ఆయన న్యూమీలో ఇంజినీరుగా పనిచేసి, తర్వాత ఎంఐటీలో పరిశోధన చేశారు. 1988లో రాసిన ఓ వ్యాసంలో ఈ పేరు పెట్టారు. 1990లో జేమ్స్ వోమాక్, డేనియల్ జోన్స్, డేనియల్ రూస్ రాసిన ‘ది మెషిన్ దట్ చేంజ్డ్ ది వరల్డ్’ పుస్తకంతో ఆ పేరు ప్రపంచమంతా పాకింది.

పేరు అమెరికాది, పద్ధతి మాత్రం జపాన్‌ది. దాని మూలం కార్లలో కూడా లేదు.. మగ్గంలో ఉంది. సకిచి టయోడా అనే ఆయన 1924లో ఓ ఆటోమేటిక్ మగ్గం తయారు చేశారు. నేస్తుండగా పోగు తెగితే ఆ మగ్గం తనంతట తానే ఆగిపోయేది. పోగు తెగినా మగ్గం నడుస్తూ ఉంటే గుడ్డంతా పాడవుతుంది. నేత పని తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తప్పు జరిగిన చోటే ఆగిపోవాలి అనే ఈ సూత్రానికి జపాన్‌లో ‘జిదోకా’ అని పేరు. మగ్గం ఆగుతుందనే నమ్మకం ఉంది కాబట్టి ఒకే మనిషి చాలా మగ్గాల్ని చూసుకోగలిగేవాడు.

సకిచి కొడుకు కిచిరో 1937లో టయోటా మోటార్ కంపెనీ పెట్టారు. అవసరమైన వస్తువు, అవసరమైన టైమ్‌కి, అవసరమైనంతే రావాలన్న ‘జస్ట్ ఇన్ టైమ్’ ఆలోచన ఆయనది. యుద్ధం తర్వాత టయోటా చేతిలో డబ్బు లేదు. 1950లో దివాలా అంచుకు వెళ్లింది. ఉద్యోగుల్ని తీసేయాల్సి వచ్చింది. పెద్ద సమ్మె జరిగింది. కిచిరో పదవికి రాజీనామా చేశారు. గోదాముల నిండా సరుకు నింపుకునే స్తోమత లేని ఆ పరిస్థితిలోంచే తక్కువ నిల్వతో, తక్కువ వృథాతో నడిచే పద్ధతి రూపుదిద్దుకుంది.

దాన్ని షాప్ ఫ్లోర్ మీద ఒక్కో ముక్కగా కట్టింది తైచీ ఓనో. అమెరికా సూపర్ మార్కెట్ల తీరు ఆయన్ను ఆకట్టుకుంది. కస్టమర్ అరలోంచి ఒక డబ్బా తీసుకుంటాడు. ఖాళీ అయిన చోటే కొత్త డబ్బా పెడతారు. ఎవరూ అడగని సరుకు అరలోకి రాదు. ఫ్యాక్టరీలో కూడా తర్వాతి సెక్షన్‌ని కస్టమర్ అనుకుంటే చాలు కదా అన్నదే ఓనో ఆలోచన.

డబ్బు ఎక్కడ కారిపోతోంది? ఏడు రంధ్రాలు ఇవే

కస్టమర్ డబ్బులిచ్చేది వస్తువు రూపం మారే పనికి మాత్రమే. కోయడం, వంచడం, వెల్డింగ్ చేయడం, కుట్టడం, రంగు వేయడం.. ఇవన్నీ విలువ పెంచే పనులు. మిగతాదంతా వృథానే. జపనీస్‌లో ‘ముడా’ అంటారు. ఓనో వాటిని ఏడుగా విడగొట్టారు.

1. అవసరానికి మించిన ఉత్పత్తి: ఆర్డర్ 200 ఉంటే, మెషిన్ ఎలాగూ సెట్ అయి ఉంది కదా అని 500 కొట్టేయడం. మిగతా ఆరు వృథాలకీ ఇదే తల్లి అని ఓనో భావించారు.

2. ఎదురుచూపు: మెటీరియల్ రాలేదని మనిషి కూర్చోవడం, మనిషి రాలేదని మెషిన్ ఆగడం, సంతకం కాలేదని లారీ గేటు దగ్గర నిలబడటం.

3. మోత: ఒక షెడ్డులో కోసి, మరో షెడ్డుకి మోసి, మళ్లీ మొదటి షెడ్డుకే తేవడం.

4. అనవసరపు ప్రాసెసింగ్: కంటికి కనబడని లోపలి భాగానికి కూడా అద్దంలా పాలిష్ పెట్టడం.

5. నిల్వ: ముడిసరుకు, సగం పనైన సరుకు, అమ్ముడుపోని సరుకు. మూడూ పెట్టుబడిని బంధించేవే.

6. అనవసరపు కదలిక: స్పానర్ కోసం వెతకడం, ప్రతి జాబ్‌కీ నాలుగడుగులు నడిచి వంగడం.

7. లోపాలు: రిజెక్షన్, రీవర్క్. ఒకసారి చేసిన పనికి రెండుసార్లు కూలి, కరెంటు, మెటీరియల్.

కార్మికుల తెలివిని వాడుకోకపోవడాన్ని ఎనిమిదో వృథాగా తర్వాతివాళ్లు చేర్చారు. రోజూ ఎనిమిది గంటలు మెషిన్ ముందు నిలబడే మనిషికి దాని నొప్పి ఎక్కడుందో తెలుసు. అతన్ని అడిగేవాళ్లే ఉండరు.

వేగం మెషిన్‌లో లేదు.. లెక్క చూడండి

లీన్‌లో చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం ఇదే. ఉదాహరణకి ఒక వస్తువుకి మూడు దశలున్నాయి అనుకుందాం. కోత, డ్రిల్లింగ్, పాలిష్. ఒక్కో దశకి ఒక్కో నిమిషం. ఆర్డర్ పది పీసులు.

పది పీసుల్నీ ఒకేసారి ట్రేలో పెట్టి నడిపితే ఏమవుతుంది? పదీ కోయడానికి 10 నిమిషాలు. తర్వాత ట్రే డ్రిల్లింగ్‌కి వెళ్తుంది, మరో 10. తర్వాత పాలిష్. మొదటి పీసు చేతికొచ్చేది 21వ నిమిషంలో. ఆర్డర్ పూర్తయ్యేది 30వ నిమిషంలో.

అదే ఒక్కో పీసు అయిన వెంటనే పక్కవాడికి అందిస్తే? మొదటి పీసు మూడో నిమిషానికే రెడీ. పదీ 12 నిమిషాల్లో అయిపోతాయి. మనుషులు అంతే. మెషిన్లు అవే. ఎవరూ చెయ్యి వేగం పెంచలేదు. అయినా 30 నిమిషాల పని 12కి వచ్చింది. తగ్గిందల్లా ట్రేలో పీసులు ఎదురుచూసే టైమే.

ఇంకో లాభం కూడా ఉంది. డ్రిల్ బిట్ సరిగ్గా లేదనుకోండి. ట్రే పద్ధతిలో ఆ సంగతి పది పీసులూ పాడయ్యాక పాలిష్ దగ్గర తెలుస్తుంది. ఒక్కొక్కటిగా అందిస్తే మొదటి పీసు దగ్గరే దొరికిపోతుంది.

మరో లెక్క. షెడ్డులో అక్కడక్కడ సగం పనైన జాబులు 600 పడి ఉన్నాయి. రోజుకి పూర్తయ్యేవి 60. ఈరోజు లోపలికి వచ్చిన జాబు బయటపడాలంటే సగటున 10 రోజులు. ఆ కుప్పని 300కి తగ్గిస్తే, రోజుకి 60 చొప్పునే చేసినా, 5 రోజులకే బయటికొస్తుంది. డెలివరీ తేదీ దగ్గరవ్వాలంటే ముందు తగ్గాల్సింది నేలమీది కుప్ప.

ఇరుకు ఎక్కడుందో అక్కడే వైద్యం

గంటకి కటింగ్ 100, వెల్డింగ్ 60, పెయింటింగ్ 80 చేయగలవు అనుకుందాం. అప్పుడు ఫ్యాక్టరీ సామర్థ్యం 60 మాత్రమే. ఇలాంటి చోట ఓనర్ అప్పు చేసి గంటకి 150 కోసే కొత్త కటింగ్ మెషిన్ తెచ్చినా బయటికొచ్చేది అదే 60. పైగా వెల్డింగ్ ముందు గంటకి 90 చొప్పున కుప్ప పెరుగుతుంది. కొత్త మెషిన్ ఈఎంఐ మాత్రం ఆగదు.

అందుకే కొనేముందు చూడాల్సింది ఏ సెక్షన్ ముందు సరుకు పేరుకుంటోందని. ఆ సెక్షన్‌కి ఒక హెల్పర్‌ని ఇచ్చినా, దాని సెట్టింగ్ టైమ్ తగ్గించినా, భోజనం టైమ్‌లో ఆగకుండా మనిషిని మార్చినా మొత్తం ఫ్యాక్టరీ లాభపడుతుంది.

పనికీ తాళం ఉంది.. దాని పేరు టాక్ట్ టైమ్

జర్మన్ భాషలో టాక్ట్ అంటే తాళం, లయ. కస్టమర్ ఎంత వేగంతో అడుగుతున్నాడో ఫ్యాక్టరీ అదే తాళానికి నడవాలి. లెక్క సులువే. ఎనిమిది గంటల షిఫ్టులో అరగంట విరామం తీసేస్తే 450 నిమిషాలు. రోజుకి కావాల్సినవి 225 పీసులు. అంటే ప్రతి రెండు నిమిషాలకి ఒక పీసు రావాలి.

ఇప్పుడు ఒక్కో దశకి ఎంత టైమ్ పడుతుందో చూడాలి. ఎక్కడైనా రెండు నిమిషాలు దాటితే అక్కడ పని పంచాలి. నిమిషంలోనే అయిపోతే అక్కడి మనిషికి పక్కపని కలపొచ్చు. రెండు నిమిషాలకంటే వేగంగా చేయాల్సిన అవసరం లేదు, చేస్తే పెరిగేది కుప్పే.

ముందునుంచి తోయొద్దు.. వెనకనుంచి లాగండి

చాలా ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్ ప్లాన్ పైనుంచి వస్తుంది. ప్రతి సెక్షన్ తన టార్గెట్ పూర్తిచేసి ముందుకి తోసేస్తుంది. తర్వాతివాళ్లకి కావాలా వద్దా అనేది వాళ్లకి పట్టదు. ఓనో దీన్ని తిరగేశారు. తర్వాతి సెక్షన్ అడిగితేనే ముందు సెక్షన్ తయారు చేయాలి. అలా అడగడానికి వాడే చీటీ పేరే ‘కాన్‌బాన్’. ఏ పార్టు, ఎన్ని, ఎక్కడికి అనేది దానిమీద ఉంటుంది. చీటీ లేకుండా ఒక్క పీసు కూడా చేయకూడదు.

చిన్న యూనిట్‌కి కంప్యూటర్ అక్కర్లేదు. రెండు బిన్నులు చాలు. బోల్టులు ఒక బిన్నులోంచి వాడతారు. అది ఖాళీ అవగానే స్టోర్స్‌కి పంపి రెండోది వాడటం మొదలుపెడతారు. ఖాళీ బిన్నే ఆర్డర్ చీటీ. ఇంట్లో గ్యాస్ సిలిండర్లు రెండు పెట్టుకుని ఒకటి అయిపోగానే బుక్ చేయడం లాంటిదే ఇది.

లైన్ ఆపే తాడు.. లీన్‌కి ప్రాణం ఇదే

టయోటా అసెంబ్లీ లైన్ పక్కన తలపైన ఓ తాడు వేలాడేది. దాన్ని ‘ఆండాన్’ తాడు అంటారు. బోల్టు సరిగ్గా పట్టకపోయినా, పార్టు తేడాగా ఉన్నా, ఆ కార్మికుడు తాడు లాగుతాడు. లైటు వెలుగుతుంది. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. కారు తర్వాతి గీత దాటేలోపు సమస్య తీరితే లైన్ ఆగదు. తీరకపోతే ఆగుతుంది. వచ్చిన లీడర్ ఎందుకు లాగావని గద్దించడు.. ఏం జరిగిందని అడుగుతాడు.

ఆ తర్వాత ‘ఐదు ఎందుకులు’. ఓనో ఇచ్చిన ఉదాహరణ ఇదీ. మెషిన్ ఆగింది. ఎందుకు? లోడ్ ఎక్కువై ఫ్యూజ్ పోయింది. ఎందుకు? బేరింగ్‌కి నూనె అందలేదు. ఎందుకు? నూనె పంపు సరిగ్గా తోడలేదు. ఎందుకు? పంపు షాఫ్ట్ అరిగిపోయింది. ఎందుకు? జల్లెడ లేక లోహపు తుక్కు లోపలికి వెళ్లింది. మొదటి జవాబు దగ్గరే ఆగితే ఫ్యూజ్ మారుస్తారు, కొన్నాళ్లకి మెషిన్ మళ్లీ ఆగుతుంది. ఐదో జవాబు దాకా వెళ్తే ఓ జల్లెడ పెడతారు, జబ్బు పోతుంది. గమనిస్తే ఈ ఐదు ప్రశ్నల్లో ‘ఎవరు’ అనే మాట లేదు. అన్నీ ‘ఎందుకు’లే.

నాలుగు గంటల డై మార్పు.. మూడు నిమిషాల్లో

చిన్న లాట్లు నడపమంటే సూపర్‌వైజర్లు ముందుగా చెప్పే అభ్యంతరం ఒకటే. డై మార్చడానికే సగం పూట పోతుంది సార్ అని. ఈ ముడిని విప్పింది షిగెయో షింగో అనే జపాన్ ఇంజినీరు. 1969లో టయోటాలో 1000 టన్నుల ప్రెస్‌కి డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. ముందు దాన్ని గంటన్నరకి తెచ్చారు. తర్వాత మూడు నిమిషాలకే తెచ్చారు.

కిటుకు ఏంటంటే, పనుల్ని రెండుగా విడగొట్టడం. మెషిన్ ఆగితేనే చేయగలిగేవి ఒకవైపు. మెషిన్ నడుస్తుండగానే చేసుకోగలిగేవి ఇంకోవైపు. కొత్త డైని పక్కకి తెచ్చి పెట్టుకోవడం, బోల్టులు, స్పానర్లు సిద్ధం చేయడం, కొలతలు చూసుకోవడం.. ఇవన్నీ ముందే చేయొచ్చు. బోల్టులు పది చుట్లు తిప్పే బదులు ఒక్క మలుపుతో బిగిసే క్లాంపులు పెట్టొచ్చు. మార్పు టైమ్ తగ్గితే చిన్న లాట్లు గిట్టుబాటవుతాయి. నిల్వ దానంతట అదే తగ్గుతుంది.

5ఎస్ అంటే సున్నం కొట్టించడం కాదు

లీన్ అనగానే మన దగ్గర ముందు కనిపించేది 5ఎస్ బోర్డు. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. తెలుగులో చెప్పాలంటే.. పనికిరానివి తీసేయడం, పనికొచ్చేవాటికి చోటు చూపడం, శుభ్రం చేయడం, దాన్ని పద్ధతిగా రాసుకోవడం, అలవాటు చేసుకోవడం.

ఆడిట్ వస్తోందంటే నేలకి పసుపు గీతలు వేసి, ఆడిటర్ వెళ్లాక వాటిమీదే పెట్టెలు పేర్చే చోట 5ఎస్ ఉన్నట్టు కాదు. దాని అసలు ప్రయోజనం తేడా కంటికి కనబడటం. గోడమీద ప్రతి టూల్ ఆకారం గీసి ఉంటే, ఒక్కటి లేకపోయినా దూరం నుంచే తెలుస్తుంది. నేల శుభ్రంగా ఉంటే నూనె చుక్క పడగానే ఏ మెషిన్ లీకవుతోందో తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? చిన్న యూనిట్లకి ఆరు అడుగులు

* ఒకే వస్తువు ఎంచుకోండి: ఎక్కువగా అమ్ముడుపోయేదాన్ని. ఫ్యాక్టరీ మొత్తం ఒకేసారి మార్చాలనుకుంటే ఏదీ మారదు.

* ఆ వస్తువు వెంట నడవండి: ముడిసరుకు గేటు దాటిన దగ్గర్నుంచి లారీ ఎక్కేదాకా. ప్రతి చోటా పని టైమ్ ఎంత, ఎదురుచూసిన టైమ్ ఎంత అని కాగితం మీద రాయండి. దీన్నే ‘వాల్యూ స్ట్రీమ్ మ్యాప్’ అంటారు. నిమిషాల్లో అయ్యే పనికి రోజులెందుకు పడుతున్నాయో ఆ కాగితమే చెబుతుంది.

* అతి పెద్ద కుప్పని పట్టుకోండి: అక్కడే ఇరుకు ఉంటుంది. మొదటి మార్పు అక్కడే.

* మెషిన్లని పని వరసలో పెట్టండి: లేత్‌లన్నీ ఒకచోట, డ్రిల్లులన్నీ ఒకచోట కాకుండా, వస్తువు నడిచే క్రమంలో. ‘యూ’ ఆకారంలో పెడితే ఒకే మనిషి రెండు మూడు మెషిన్లు చూసుకోగలడు.

* పని పద్ధతిని చేసేవాళ్లతోనే రాయించండి: పాత ఫ్రీమాంట్‌లో ఈ కొలతలు ఇంజినీర్లు తీసేవారు. న్యూమీలో ఐదారుగురు ఉన్న టీమ్‌లు తామే స్టాప్‌వాచ్ పట్టుకుని తమ పనిని కొలుచుకుని, మంచి పద్ధతిని రాసుకునేవి. తాము రాసుకున్నది కాబట్టి దాన్ని పాటించేవారు, మార్చేవారు కూడా.

* రోజూ పది నిమిషాలు నిలబడి మాట్లాడండి: నిన్న ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఈరోజు ఏం మారుద్దాం. ఈ చిన్న చిన్న మార్పుల పరంపరే ‘కైజెన్’.

ఎక్కడ దెబ్బతింటుంది?

లీన్ అన్నిటికీ మందు కాదు. దాని బలహీనతలు చరిత్రలోనే ఉన్నాయి.

మొదటిది.. నిల్వ తక్కువైతే షాక్ తట్టుకునే శక్తి తక్కువ. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా కార్లలో బ్రేకులకి వాడే ఓ చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. రోజుల్లోనే టయోటా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అయితే పదుల కొద్దీ కంపెనీలు డ్రాయింగులు పంచుకుని తలా కొన్ని వాల్వులు చేశాయి. కుట్టు మెషిన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా చెయ్యి వేసింది. వారం పది రోజుల్లోనే ఉత్పత్తి గాడిన పడింది. నిల్వ లేనప్పుడు ఆదుకునేది సప్లయర్లతో ఉన్న సంబంధమే అని తేలింది. 2011 భూకంపం, సునామీ తర్వాత టయోటా తన పాఠం తనే దిద్దుకుంది. దొరకడం కష్టమైన చిప్‌ల వంటివి నెలలకి సరిపడా నిల్వ పెట్టమని సప్లయర్లని కోరింది. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు తొలి నెలల్లో మిగతా కంపెనీలకంటే తట్టుకుని నిలబడింది. అంటే లీన్ చెప్పేది నిల్వే వద్దని కాదు, కారణం తెలియని నిల్వ వద్దని.

రెండోది.. మనిషి మీద ఒత్తిడి. జనరల్ మోటార్స్ రోజుల్లో ఫ్రీమాంట్ కార్మికుడు నిమిషంలో 45 సెకన్లు పనిలో ఉంటే, న్యూమీలో అది 57 సెకన్లకి చేరిందని అంచనా. ఊపిరి తీసుకునే ఖాళీ కూడా వృథా కింద లెక్కేస్తారా అని మైక్ పార్కర్, జేన్ స్లాటర్ లాంటివాళ్లు 1988లోనే ప్రశ్నించారు. దీన్ని ఒత్తిడితో నడిపే మేనేజ్‌మెంట్ అన్నారు. ఆ విమర్శని తోసిపుచ్చలేం. మనిషిని అరగదీయడం కూడా వృథానే. జపాన్‌లో దానికి ‘మురి’ అని వేరే పేరే ఉంది. ముడా తీసేసి ఆ చోట మురి పెడితే అది లీన్ కాదు.

మూడోది.. నమ్మకం. కార్మికులు ఆలోచన చెప్పి ఐదుగురి పని నలుగురితో అయ్యేలా చేశారనుకోండి. మర్నాడు ఐదోవాడి ఉద్యోగం తీసేస్తే ఇంకెవ్వరూ నోరు విప్పరు. 1987-88లో నోవా అమ్మకాలు పడిపోయి న్యూమీ సామర్థ్యంలో 60 శాతం కూడా నడవని రోజులొచ్చాయి. అయినా ఒక్కరినీ తీయలేదు. ఖాళీగా ఉన్నవాళ్లని శిక్షణకి, కైజెన్ పనులకి పంపింది. రాసిచ్చిన మాట నిలబెట్టుకున్నాకే కార్మికులకి ఆ తాడు మీద పూర్తి నమ్మకం కుదిరింది.

ఇదంతా కళ్లముందే ఉన్నా జనరల్ మోటార్స్ తన మిగతా ఫ్యాక్టరీల్లో తేవడానికి చాలా ఏళ్లు తడబడింది. తాడు కట్టడం తేలిక. లాగినవాణ్ని తిట్టకుండా ఉండటమే కష్టం.

మన దగ్గర ప్రభుత్వ సాయం ఉందా?

ఉంది. చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ 2023 మార్చి 10న ‘ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్’ పథకం ప్రారంభించింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీ యూనిట్లు ఇందులో చేరొచ్చు. బేసిక్, ఇంటర్మీడియెట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిలుంటాయి. నిపుణులు షాప్ ఫ్లోర్‌కి వచ్చి దారి చూపిస్తారు. ఆ కన్సల్టెన్సీ ఖర్చులో 90 శాతం కేంద్రమే భరించేలా పథకాన్ని రూపొందించారు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తల యూనిట్లకి అదనంగా 5 శాతం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకి ముందు పథకం అధికారిక పోర్టల్‌లో తాజా వివరాలు చూసుకోవాలి.

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చిన్న చిన్న షెడ్లలో నడిచే యూనిట్లకి ఇది పనికొచ్చే సాయం. అలాంటి యూనిట్లలో చోటు తక్కువ, పెట్టుబడి తక్కువ, నేలమీద పడి ఉన్న ప్రతి జాబూ వడ్డీకి తెచ్చిన డబ్బే. 1950లో టయోటా ఉన్న స్థితీ దాదాపు ఇలాంటిదే.

చివరికి ఫ్రీమాంట్ ఏమైంది?

2009లో జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసి న్యూమీ నుంచి తప్పుకుంది. 2010 ఏప్రిల్ 1న ఆఖరి కారు లైన్ దిగింది. ఫ్యాక్టరీ మళ్లీ మూతపడింది. ఆ ఏడాదే టెస్లా దాన్ని కొంది. ఇప్పుడక్కడ ఎలక్ట్రిక్ కార్లు తయారవుతున్నాయి. అంటే ఎంత మంచి పద్ధతి ఉన్నా, ఉత్పత్తి చేసేది అమ్ముడుపోవాలి, కంపెనీ నిలబడాలి. ఆ హామీ లీన్ ఇవ్వదు.

అది ఇచ్చేది ఇంకొకటి. పాత ఫ్యాక్టరీలో లోపం చూసి కూడా మౌనంగా ఉన్న మనిషే, కొత్త ఫ్యాక్టరీలో చెయ్యెత్తి తాడు లాగాడు. అతను మారలేదు. లాగితే ఎవరో వస్తారు, వింటారు అన్న భరోసా వచ్చింది. లీన్ మొదలుపెట్టాలనుకునే ఓనరైనా, మేనేజరైనా ముందుగా చూసుకోవాల్సింది ఇదే. మీ షాప్ ఫ్లోర్‌లో చిన్న జీతగాడు కూడా ‘ఇక్కడ తేడా ఉంది, ఆపండి’ అని ధైర్యంగా అనగలుగుతున్నాడా? అనగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం ఆ మాట విన్నాక మీరేం చేస్తారన్న దానిమీద ఉంటుంది.